పరదేశమున మన పట్టముల విలువ

ఫాల్గుణమాసమున కొల్లేటికోటలో పెద్దింట్లమ్మవారి జాతర జరుగునప్పుడు ఏలూరు, కైకలూరు, ఆకివీడు, తాడేపల్లిగూడెము ప్రాంతములనుండి జనులు తండోపతండములుగ ఆ లంకగ్రామమునకు వచ్చుచుందురు. అమ్మవారి దర్శనమైన పిదప చెట్టునీడను కూర్చుండి మాటలాడుకొనునపుడు పూర్వము వరిధరలు, కాలువనీరు, చేపల చెరువుల లీజులు ప్రసంగవిషయములుగ నుండెడివి. నేడు వానితోబాటు మరియొక ప్రసంగము తప్పక వచ్చుచున్నది. "మీ అబ్బాయి ఏ దేశమున నున్నాడు? చదివిన చదువునకు తగిన పనియేనా?" అని అడుగుదురు. మొదటి ప్రశ్నకు ప్రత్యుత్తరము సంతోషముతో వెంటనే వచ్చును. రెండవదానికి కొంత తడవుగ వచ్చును. కొన్ని యిండ్లలో రానే రాదు.

ఈ మౌనమునకు కారణ మందరు నెఱిగినదే. ఇచట వైద్యము చదివినవాడు అచట వైద్యశాలలో గుమాస్తాయై యున్నాడు. ఇచట ఔషధశాస్త్రమున పట్టము పొందినవాడు అచట దుకాణమున సరకులు సర్దుచున్నాడు. నర్సుగ పది సంవత్సరములు పనిచేసిన గృహిణి వృద్ధుల సంరక్షణాలయమున సహాయకురాలై యున్నది. కాయకష్టమునకు లోటులేదు, అందు అవమానమును లేదు. కాని ఎకరముల పొలమమ్మి, చెరువు తాకట్టుపెట్టి చెప్పించిన చదువు సముద్రము దాటగానే చిత్తుకాగితమగుట యేల? ఈ నష్టము ఎవరి తప్పువలన కలుగుచున్నది? దీనిని ముందుగ తెలిసికొను మార్గము లేదా? ఈ మూడు ప్రశ్నలను శాంతముగ విచారింపవలసిన కాలము వచ్చినది.

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలయును. పట్టము వేరు, దేశప్రవేశము వేరు, వృత్త్యధికారము వేరు. మన పట్టము తమ దేశపు పట్టముతో సమానమని అచటి విశ్వవిద్యాలయము అంగీకరించినచో పైచదువునకు చోటు దొరకును, అంతవరకే. ఆ దేశపు ప్రభుత్వము వీసా నిచ్చినచో అచట నివసించుటకు హక్కు కలుగును, అదియు నంతవరకే. రోగి చేయి పట్టుకొనుటకు, మందు కట్టి యిచ్చుటకు, వంతెన పటముపై బాధ్యతతో సంతకము చేయుటకు ఆయా వృత్తులను కాపాడు మండలి యనుమతి కావలయును. ఈ మూడు ద్వారములకు మూడు తాళములు. ఒకదాని తాళపుచెవి మరియొకదానికి పనిచేయదు. కనడా దేశము చదువునకు మార్కులిచ్చి వలసకు పిలుచును. కాని అచటికి చేరిన వైద్యునకు వృత్తిచేయు అనుమతి నిచ్చునది ఆయా రాష్ట్రముల వైద్యసంస్థ. పిలిచినది ఒకరు, తలుపు తీయవలసినది వేఱొకరు. మన కుటుంబములు మోసపోవునది ప్రధానముగ ఈ భేదము తెలియకయే.

ఈ కష్టము నేటిది కాదు. మన గోదావరి సీమలోనే పుట్టిన మహాపురుషుడొకడు దీనిని పూర్తిగ ననుభవించెను. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచున్న కాలమున గాంధీమహాత్ముని పిలుపు విని శస్త్రచికిత్సాలయమున సైతము ఖద్దరు వస్త్రమునే ధరించిరి. శస్త్రవైద్యాచార్యుడు బ్రాడ్‌ఫీల్డు దొర కిది కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలలో సమర్థుడే యైనను ఆయనకు పూర్ణమైన ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించెను. మద్రాసు వైద్యశాఖలో కొలువు దొరకలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు కాలము గడపిరి.

పిమ్మట కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ తోడ్పాటు, మామగారి ధనసహాయము ఆధారముగ 1920వ దశకపు తొలిసంవత్సరములలో ఆయన అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. చేతనున్న పట్టము అచట వైద్యవృత్తికి ద్వారము తెఱవలేదు. హార్వర్డులో ఉష్ణమండల వైద్యమున చదువు సాగించుచు, పొట్టకూటికై ఒక వైద్యశాలలో రాత్రివేళ సేవకవృత్తి చేసిరి. పగలు విద్యార్థి, రాత్రి రోగుల మలమూత్రపాత్రలు కడుగువాడు. అదే మనుష్యుడు ఫిస్కు పండితునితో గలసి 1925లో రక్తాదులందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. కండరములకు శక్తినిచ్చు పదార్థముల నిజస్వరూపమును తెలిపిన పరిశోధనలలో భాగస్వామి యయ్యెను. 1930లో హార్వర్డు డాక్టరేటు నందెను. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరి, ఫోలికామ్లమును, బోదవ్యాధిపై పనిచేయు డై ఇథైల్ కార్బమజీనును, క్యాన్సరు చికిత్సకు దారితీసిన ఔషధములను లోకమున కందించిన పరిశోధకబృందములకు నాయకత్వము వహించెను. 1948 ఆగస్టులో అచటనే కన్నుమూసెను.

ఈ చరిత్రను మనము సాధారణముగ గర్వముకొఱకే చెప్పుకొందుము. అందు పాఠము కూడ నున్నది. సుబ్బారావుగారి విద్యకు కొఱత లేదు. ఆయన కాగితమునకు కొఱత కలిగినది. ఆ కొఱతను కలిగించినది పరదేశపు మండలి మాత్రమే కాదు. స్వదేశమున, స్వకళాశాలలో, ఒక ఆచార్యుని యాగ్రహమే దానికి మొదలు. అటువంటి ప్రతిభ గలవారు కోటికొకరు; వారు కాగితము లేకున్నను గోడను చీల్చుకొని పోగలరు. మన బిడ్డలలో నధికులు మధ్యమమైన ప్రజ్ఞ, నిండైన శ్రద్ధ గలవారు. వారికి గోడ చీల్చు బలము చాలదు, తలుపు కావలయును. మహాపురుషుని కథ చెప్పి సామాన్యుని "నీవును గట్టివాడవైన దారి దొరకును" అనుట న్యాయము కాదు.

తలుపులు తెఱచుట, మూయుట అనునవి మండలుల నడుమ జరుగు వ్యవహారమని మన దేశము 1930లో గట్టిగ తెలిసికొనెను. అంతవరకు మన విశ్వవిద్యాలయముల వైద్యపట్టములను బ్రిటనులోని జనరల్ మెడికల్ కౌన్సిలు అంగీకరించుచుండెను. ప్రసూతివైద్య శిక్షణము చాలదని ఆ కౌన్సిలు ఆక్షేపించుటయు, మన కళాశాలలను ఎవరు తనిఖీ చేయవలయునను వివాదము పెరుగుటయు జరిగి, ఆ సంవత్సరమున మన పట్టముల గుర్తింపు నిలిచిపోయెను. దేశమంతట దీనిని అవమానముగ తలంచిరి. కాని అవమానమని కేకలు వేయుటతో కార్యము తీరలేదు. 1933లో భారత వైద్యమండలి చట్టము పుట్టెను. మన ప్రమాణములను మనమే నిర్ణయించి, మనమే తనిఖీ చేసికొని, పరదేశ మండలులతో సమానస్థాయిని మాటలాడుటకు ఒక సంస్థ యేర్పడెను. ఆ చట్టములోను లోపములున్నవి. పల్లెలలో వైద్యము చేయుచుండిన లైసెన్షియేటు వైద్యులను ఆ పట్టికలోనికి రానీయలేదు. పరులు మనల తక్కువ చేసిరని వగచిన దినములలోనే మనవారు మనవారిని తక్కువ చేసిరి.

కావున గుర్తింపునకు రెండు ముఖములున్నవని గ్రహింపవలయును. ఒకటి యథార్థమైన ప్రమాణము: కళాశాలలో ఆచార్యులున్నారా, పడకలపై రోగులున్నారా, విద్యార్థి ప్రసవములు చేయుట చూచెనా, చేసెనా అను ప్రశ్న. రెండవది రాజకీయము: తమ దేశమున వైద్యులు తక్కువైనచో తలుపు తీయుట, ఎక్కువైనచో మూయుట. 1948లో జాతీయారోగ్యవ్యవస్థ నేర్పరచుకొన్న బ్రిటను తరువాతి దశకములలో భారతీయ వైద్యుల చేతులపై దానిని నడపుకొనెను. 1975లో మన పట్టములకు నేరుగ నిచ్చుచుండిన గుర్తింపును ఉపసంహరించుకొని, పరీక్ష పెట్టెను. నేడు ప్లాబ్ అను పేర ప్రసిద్ధమైన పరీక్ష ఆ కాలపు నిర్ణయమునుండి వచ్చినదే. అంతకు ముందు సంవత్సరమున చేరిన వైద్యునికంటె ఆ మఱుసటి సంవత్సరమున చేరిన వైద్యుడు తెలివితక్కువవాడు కాడు, నిబంధన మారినది. విద్యార్థి యెరుగవలసిన దిదియే: నిబంధన నిన్ను తూచునది కాదు, కాలమును తూచునది, కాని దాని భారము నీ తలపై పడును.

అమెరికా సంగతి వేరువిధము. విదేశవైద్యపట్టభద్రుల యోగ్యతను విచారించుటకు 1956లో ఇ.సి.ఎఫ్.ఎం.జి. అను సంస్థ యేర్పడెను. దాని ధ్రువపత్రము పొందుటకు పరీక్షలు గెలువవలయును, కళాశాలనుండి పత్రములు నేరుగ నందవలయును. అంత చేసినను వైద్యవృత్తి లభింపదు; మరల అచటి వైద్యశాలలో శిక్షణోద్యోగము దొరకవలయును. 2024లో ఆ యేటి పంపకమున పాల్గొన్న పరదేశీయులగు విదేశపట్టభద్రులలో స్థానము దొరకినవారు నూటికి సుమారు 58 మంది. మిగిలినవారు పరీక్షలలో గెలిచియు బయటనే నిలిచిరి. ఇచట పది సంవత్సరములు శస్త్రచికిత్స చేసిన వైద్యుడైనను సామాన్యముగ అచట శిక్షణార్థియై మరల ఆరంభింపవలసినదే. ఇటీవల కొన్ని రాష్ట్రములు ఈ కట్టు కొంత సడలించుచున్నవి. 2023లో టెనెసీ రాష్ట్రము అట్టి చట్టము చేసినది. వైద్యులు దొరకని పల్లెలు వారికిని ఉన్నవి. కాని ఒక రాష్ట్రపు చట్టమును విని దేశమంతయు తెఱచుకొన్నదని తలంచి ప్రయాణము కట్టరాదు.

ఔషధశాస్త్రము చదివినవారి యనుభవము ఇంకను కఠినమైన పాఠము. మన బి.ఫార్మసీ నాలుగు సంవత్సరముల చదువు. 2003 జనవరి 1 తరువాత పట్టము పొందినవారు అమెరికాలో ఔషధవిక్రయాధికారపు పరీక్షామార్గమున ప్రవేశింపవలెనన్న అయిదు సంవత్సరముల చదువు కావలెనని అచటి మండలి నియమించెను. ఒక్క తేదీ! ఆ తేదీకి ముందు పట్టమందినవానికి తలుపున్నది. తరువాత పట్టమందిన తమ్మునికి లేదు. మన దేశమున ఆరు సంవత్సరముల ఫార్మ్.డి. చదువునకు నిబంధనలు 2008లో వచ్చినవి. ఈ నడిమి కాలమున, ఆ పిమ్మటను, అమెరికా ఆశతో నాలుగేండ్ల చదువులో చేరిన ఆంధ్రయువకు లెందరు? చేరునాడు ఈ ఒక్క వాక్యమును చెప్పువాడు లేడు. రుసుము పుచ్చుకొనునప్పుడు రసీదు ఇచ్చిన కళాశాల, దానితోబాటు ఈ వాక్యమునుగూడ అచ్చువేసి యిచ్చియుండిన నెన్ని కుటుంబములకు మేలయ్యెడిదో!

ఇంజనీర్ల విషయమున మన దేశమునకు ఒక మంచి మార్గము లభించినది; అదియు సగము తెలిసియు సగము తెలియకయు నున్నది. 1989లో ఆంగ్లభాషాదేశము లారు కలిసి ఒకరి ఇంజనీరింగు చదువును మరియొకరు అంగీకరింపవలెనని వాషింగ్టను ఒడంబడిక చేసికొనెను. 2014 జూన్‌లో మన జాతీయ ప్రమాణీకరణమండలి అందు పూర్ణసభ్యత్వము పొందెను. పత్రికలన్నియు హర్షించినవి. కాని ఆ గుర్తింపు దేశములోని ప్రతి ఇంజనీరింగు పట్టమునకును వర్తింపదు. ఆ మండలి పరీక్షించి మొదటిశ్రేణిలో ప్రమాణీకరించిన శాఖలకే, అదియు ప్రమాణీకరణము చెల్లుబాటగు కాలమునకే వర్తించును. ఒకే కళాశాలలో ఒక శాఖకు గుర్తింపుండి పక్కశాఖకు లేకుండవచ్చును. ఆస్ట్రేలియాకు పోదలచిన యిద్దరు మిత్రులలో ఒకనికి సులభమైన దారి, రెండవవానికి తన పనినంతయు వ్యాసములుగ వ్రాసి నిరూపించు దీర్ఘమైన దారి. ఇద్దరును ఒకే ఆవరణములో చదివినవారే.

ప్రభుత్వములు చేసికొను ఒప్పందముల వార్తలనుగూడ జాగ్రత్తగ చదువవలయును. 2022 జూలైలో బ్రిటనుతోను, 2023 మార్చిలో ఆస్ట్రేలియాతోను మన దేశము చదువుల పరస్పరాంగీకారమునకు ఒప్పందములు చేసికొనెను. ఇవి మంచివే. మన బి.ఏ., బి.ఎస్‌సి. పట్టభద్రులు పైచదువులకు పోవునపుడు ఇవి యుపకరించును. కాని బ్రిటనుతో జరిగిన ఒప్పందమున వైద్యము, నర్సింగు, ఔషధశాస్త్రము, ఇంజనీరింగు, న్యాయశాస్త్రము, వాస్తుశిల్పము అను వృత్తిపట్టములను విడిచిపెట్టిరి. ఆస్ట్రేలియా ఒప్పందముగూడ వృత్తి చేయుటకు కావలసిన రిజిస్ట్రేషను జోలికి పోదు. అనగా మన తల్లిదండ్రులు ఏ చదువులకై భూములు అమ్ముచున్నారో ఆ చదువులే ఒప్పందమునకు వెలుపల నిలిచినవి. శీర్షిక చదివి సంతసించి, కడపటి వాక్యము చదువక నష్టపోవు నలవాటు మనకు తగదు.

ఇంతవరకు చెప్పినవి పరుల తలుపులు. మన యింటిలోని గడియలు కొన్ని కలవు; వానిని తీయుట మన చేతిలోని పని. మొదటిది పేరు. తెలుగువారు ఇంటిపేరు ముందు వ్రాసి, తరచుగ పొడి అక్షరముగ వ్రాయుదురు. పదవ తరగతి పత్రమున ఒక పొడి అక్షరము, పట్టమున రెండు పొడి అక్షరములు, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగ, పెండ్లియైన స్త్రీకి మరియొక ఇంటిపేరు. మన ఊరిలో వీరందరు ఒక్కరేయని ఎల్లరకు తెలియును. పరదేశపు గుమాస్తాకు వీరు నలుగురు మనుష్యులు. పరీక్షలో గెలిచియు ఈ పేరుల చిక్కువలన నెలలకొలది నిలిచిపోయినవారిని మన మెరుగుదుము. బిడ్డను బడిలో వేయునాడే పేరు పూర్తిగ, ఒకే తీరున వ్రాయించుట తండ్రి చేయదగిన మొదటి యుపకారము.

రెండవది విశ్వవిద్యాలయముల పేర్లు. మన రాష్ట్రపు వైద్యవిశ్వవిద్యాలయము 1986లో విజయవాడలో స్థాపింపబడెను, 1998లో ఎన్.టి. రామారావుగారి పేరు దానికి వచ్చెను. 2022లో ఆ పేరు తీసి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి పేరు పెట్టిరి. 2024లో మరల పూర్వనామమును పెట్టిరి. ఇరుపక్షముల నాయకుల యందును గౌరవముంచియే ఒక మాట చెప్పవలసియున్నది. ఒకే తరగతిలో చేరినవాని మార్కులపత్రముపై ఒక పేరు, పట్టముపై మరియొక పేరు ఉండినచో దానిని వివరించు భారము శాసనసభపై పడదు. ఏలూరునుండి వెళ్లి మాంచెష్టరులో దరఖాస్తు పెట్టుకొన్న యువతిపై పడును. జవహర్లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము 2008లో నాలుగుగ చీలినపుడును ఇట్టి వివరణములు కావలసివచ్చెను. పేరు మార్చుట తప్పనిసరియైనచో, పాతపేరును క్రొత్తపేరును కలిపి ధ్రువపఱచు పత్రమును ప్రతి పట్టభద్రునకును ఉచితముగ నిచ్చుట కనీసధర్మము.

మూడవది ఆలస్యము. పరదేశ మండలులు మార్కుల సమగ్రపత్రమును, పాఠ్యక్రమమును విశ్వవిద్యాలయమునుండియే ముద్రవేసిన కవరులో గాని నేరుగ కంప్యూటరు ద్వారా గాని కోరుచుండును. అచట గడువులు దినములతో లెక్కింపబడును. ఇచటి కార్యాలయములందు కాలము వారములతో, నెలలతో నడచుచున్నది. దూరదేశముననున్న కుమార్తె తరఫున వృద్ధుడైన తండ్రి కైకలూరునుండి కార్యాలయమునకు మూడుమారులు తిరుగుట యెందుకు? ఇది విజ్ఞానమునకు సంబంధించిన లోపము కాదు, ధనమునకు సంబంధించినదియు కాదు. గుమాస్తా బల్లపైనున్న కాగితము కదలకపోవుటయే.

ఇక మన నీతిని మనమే పరీక్షించుకొనవలసిన యొక విషయమున్నది. ఇచట వైద్యకళాశాలలో స్థానము దొరకని మన పిల్లలు వేలకొలది ఉక్రెయిను, రష్యా, జార్జియా, కిర్గిజుస్థాను, ఫిలిప్పీను దీవులకు పోయి చదువుచున్నారు. వారు తిరిగివచ్చినచో 2002లో నేర్పడిన నిబంధనల ప్రకారము పరీక్ష వ్రాయవలయును. 300 మార్కులకు 150 రావలయును. 2023 జూన్ విడతలో నూటికి పదిమంది మాత్రమే నెగ్గిరి. 2021 నవంబరులో వచ్చిన నియమముల ననుసరించి ఆ చదువు 54 నెలలకు తక్కువ కారాదు, ఆంగ్లమున జరుగవలయును, చదివిన దేశముననే వైద్యము చేయుటకు యోగ్యత నీయవలయును. 2022లో ఉక్రెయినున యుద్ధము పొడమినపుడు పరుగుపరుగున స్వదేశము చేరిన విద్యార్థులు, తమ చదువు ఎచట పూర్తియగునో తెలియక ఎంత వగచిరో ప్రతి పట్టణముననున్న వారును చూచిరి.

రోగి ప్రాణములు ముఖ్యములు; కావున పరీక్ష పెట్టుట తప్పు కాదు. బ్రిటను మనకు పరీక్ష పెట్టినను, మనము కిర్గిజుస్థాను పట్టమునకు పరీక్ష పెట్టినను న్యాయమొక్కటే. కాని పరీక్ష న్యాయమైనదిగ నుండవలెనన్న ముందుగ చెప్పవలయును, నడుమ మార్చరాదు, ఓడినవానికి ఎచట ఓడెనో తెలుపవలయును, నెగ్గినవానిని మరల నిలిపివేయరాదు. పరదేశముల నుండి మనము కోరు న్యాయమును మన గడపలో మనము చేయుచున్నామా? చేయనిదే మన వాదమునకు బలము రాదు. ఏజంటుల మాటలు నమ్మి పంపిన తల్లిదండ్రులును ఈ బాధ్యతలో భాగము పంచుకొనక తప్పదు. పొలము కొనునపుడు ముప్పది సంవత్సరముల లింకు దస్తావేజులు చూచు మన రైతు, కుమారుని కళాశాలకు గుర్తింపున్నదా యని ఒక దినము విచారింపకుండుట చిత్రము.

ఇచట కొందరు దేశభక్తులొక యాక్షేపణ తెత్తురు. "మన ధనముతో, మన ఆసుపత్రులలో నేర్చి పరదేశములకు పోవువారికి దారి సుగమము చేయుట యెందుకు? కొల్లేటి లంకగ్రామములలో వైద్యుడు లేడు; మాంచెష్టరునకు వైద్యుని పంపుట మన పనియా?" ఈ యాక్షేపణలో సత్యము కలదు, దానిని తేలికగ త్రోసివేయరాదు. వానకాలమున నీరు పెరిగినపుడు లంకలోని గర్భిణిని పట్టణపు ఆసుపత్రికి చేర్చుట యెంతటి ప్రయాసమో ఈ సీమవారికి తెలియును.

ఐనను రెండు మాటలు చెప్పవలయును. పోవువాడు గుర్తింపు లేనందున ఆగిపోవుట లేదు. పోయి, నేర్చిన వృత్తిని విడిచి, వేఱొక పని చేయుచున్నాడు. అపుడు ఆ వైద్యుడు లంకగ్రామమునకును దక్కలేదు, మాంచెష్టరునకును దక్కలేదు. పదునేండ్ల విద్య గంగలో కలిసినది. ఇది మొదటి మాట. రెండవది మరింత ముఖ్యము: పరదేశ మండలి అంగీకరించునట్టి ప్రమాణమున నడచు కళాశాల ముందుగ మనకే మేలుచేయును. అందు చదివిన పదిమందిలో ఇద్దరు సముద్రము దాటుదురేమో, ఎనమండ్రు ఏలూరులోను, భీమవరములోను, తాడేపల్లిగూడెములోను మన నాడి చూతురు. ఆచార్యులు లేని కళాశాల, రోగులు లేని ఆసుపత్రి, తనిఖీనాడు మాత్రమే నిండు పడకలు — వీనివలన పోయినవానికి పట్టము విలువ తగ్గును, నిలిచినవాని చేతిలో మన ప్రాణమునకు విలువ తగ్గును. 2023 సెప్టెంబరులో మన జాతీయవైద్యకమిషనునకు ప్రపంచవైద్యవిద్యాసమాఖ్య పది సంవత్సరములకు గుర్తింపు నిచ్చినది. ఆ గౌరవమును నిలుపుకొనవలెనన్న తనిఖీలు నిజముగ జరుగవలయును. పది సంవత్సరములు ఎక్కువ కాలము కాదు.

కావున చేయదగిన పనులను సంగ్రహముగ చెప్పుదుము. ప్రతి వృత్తికళాశాలయు ప్రవేశపత్రముతోడనే, తన చదువు ఏ దేశపు ఏ మండలిచే ఏ షరతులపై అంగీకరింపబడునో, ఏ దేశమున అంగీకరింపబడదో తెలుగున అచ్చువేసి యీయవలెనని ప్రభుత్వము శాసింపవలయును. అబద్ధము వ్రాసినచో రుసుము వాపసు చేయవలెనని నియమింపవలయును. విశ్వవిద్యాలయములు పత్రములిచ్చుటకు దినములు నిర్ణయించి, ఆ దినములు దాటినచో బాధ్యుడెవరో పేరు ప్రకటింపవలయును. కేంద్రప్రభుత్వము ఇకముందు వ్యాపారపుటొప్పందములు చేసికొనునపుడు సరకుల సుంకములతోపాటు నర్సులు, వైద్యులు, ఇంజనీర్ల వృత్త్యధికారమును గూర్చియు గట్టిగ మాటలాడవలయును. మన విపణిని వారికి తెఱచుచున్నాము. మన మనుష్యుల చేతిపనికి వారు తలుపు తెఱచుటను గోరుట యాచన కాదు, బేరము.

గృహస్థులకును ఒక విన్నపము. బిడ్డ యిష్టపడినచో ఏ దేశమునకైనను పంపుడు. కాని పంపుటకు ముందు, చదువులో చేర్చుటకు ముందుగనే, మూడు ద్వారములను మూడు ప్రశ్నలుగ అడుగుడు. అచటి విశ్వవిద్యాలయము ఈ పట్టమును ఒప్పుకొనునా? అచటి ప్రభుత్వము ప్రవేశమిచ్చునా? అచటి వృత్తిమండలి పనిచేయనిచ్చునా? మూడవదానికి జవాబు ఏజంటునుండి కాక ఆ మండలి నుండియే తెచ్చుకొనుడు. ఆ మండలు లన్నియు తమ నియమములను బహిరంగముగ ప్రకటించుచునే యున్నవి. నర్సుల పరీక్షకు హైదరాబాదులోనే కేంద్రమున్నది; ఇచట వ్రాసి, ఫలితము చూచి, అటుపిమ్మట విమానమెక్కవచ్చును. ముందు విమానమెక్కి తరువాత పరీక్ష నడుగుట చెరువు త్రవ్విన పిదప నీటిహక్కు విచారించుట వంటిది. ఆ నష్టమెట్టిదో 2006లో కొల్లేటి చెరువుల గట్లు తెగగొట్టిన నాడు ఈ సీమ చూచియున్నది.

బోదకాలు ఈ గోదావరిసీమకు తరతరాల శాపము. 2004 మొదలుకొని ఈ జిల్లాలలో ప్రభుత్వమువారు ఇంటింటికి వచ్చి పంచిన బోదవ్యాధి మాత్రలు సుబ్బారావుగారి పరిశోధనాలయమునుండి పుట్టిన ఔషధమే. స్వదేశమున తక్కువ పట్టము చేతికిచ్చి పంపిన మనుష్యుడు, పరదేశమున పాత్రలు కడిగిన మనుష్యుడు, తన సీమ రోగమునకు మందు పంపెను. అది ఆయన యౌదార్యము. మన ఘనత యేమియు లేదు. మన వంతు పని ఇపుడున్నది. ఈ సంవత్సరము కళాశాలలో చేరబోవు కుఱ్ఱవానికి, చేరకముందే నిజము చెప్పుట. పూర్ణమైన పట్టము, సరియైన పేరు, గడువులోపల కాగితము చేతికిచ్చి పంపుట. పిదప పోవుటయు, నిలుచుటయు, తిరిగివచ్చుటయు వాని యిష్టము.